జట్టు మారితే తప్పా?

కాకినాడలో పుట్టి, సిడ్నీలో గాయంతో నిలబడి, ఇప్పుడు త్రిపుర జెర్సీ వేసుకున్న హనుమ విహారి ఆటబతుకు కోనసీమ పిల్లలకు, వాళ్ళ తల్లిదండ్రులకు చెప్పేదేమిటి?

2021 జనవరి 11, సిడ్నీ. టెస్టు మ్యాచ్ ఆఖరి రోజు. భారత్ లక్ష్యం 407 పరుగులు. పంత్ 97 కొట్టి వెళ్ళాడు, పుజారా 77 దగ్గర బౌల్డయ్యాడు. స్కోరు 5 వికెట్లకు 272. ఇంకా నలభై ఓవర్లకు పైగా ఆట మిగిలి ఉంది. బొటనవేలు దెబ్బతిన్న జడేజా, అవసరమైతే దిగాలని ప్యాడ్లు కట్టుకుని లోపల కూర్చున్నాడు. క్రీజులో ఉన్న ఇద్దరిలో అశ్విన్‌కు నడుం పట్టేసింది. రెండోవాడు హనుమ విహారి. ఒక్క పరుగు కోసం ఉరికినప్పుడు తొడ వెనక కండరం చిరిగింది. ఆ తర్వాత అతను పరుగుల సంగతే వదిలేశాడు. స్టార్క్, కమిన్స్, హేజిల్‌వుడ్, లయన్ మార్చి మార్చి వేస్తుంటే బంతిని చూడటం, ఆపడం, మళ్ళీ కుంటుతూ నిలబడటం. 161 బంతులాడి 23 పరుగులు చేశాడు. ఇద్దరూ కలిసి 42 ఓవర్లకు పైగా అవుట్ కాకుండా నిలిచి మ్యాచ్‌ను డ్రా చేశారు. ఎనిమిది రోజుల తర్వాత బ్రిస్బేన్‌లో భారత్ గెలిచి సిరీస్‌ను 2-1తో చేజిక్కించుకున్నప్పుడు, ఆ పదకొండుగురిలో విహారి లేడు. గాయంతో బయట కూర్చున్నాడు.

నాలుగున్నరేళ్ళు గడిచాయి. 2025లో అదే విహారి ఆంధ్ర జట్టును వదిలి త్రిపురకు వెళ్ళాడన్న వార్త వచ్చింది. గోదావరి జిల్లాల్లో క్రికెట్ చూసేవాళ్ళ మధ్య అప్పటినుంచీ వాదన నడుస్తూనే ఉంది. పుట్టిన రాష్ట్రాన్ని వదిలి ఎక్కడో ఈశాన్యంలో ఆడటమేమిటని కొందరు, ఉండనిస్తే కదా ఉండేదని మరికొందరు. హైదరాబాద్, ఆంధ్ర, మళ్ళీ హైదరాబాద్, మళ్ళీ ఆంధ్ర, ఇప్పుడు త్రిపుర. మధ్యలో ఐపీఎల్‌లో సన్‌రైజర్స్, ఢిల్లీ. ఇంగ్లండ్ కౌంటీల్లో వార్విక్‌షైర్. ఇన్ని జెర్సీలు మార్చినవాడి మీద నిలకడలేనివాడన్న ముద్ర పడటం తేలిక. ఈ కథనం ఆ ముద్రను ఒప్పుకోదు. జట్లు మారడం చాలామంది ఆటగాళ్ళకు బుద్ధిలోపం కాదు, వృత్తిలోనే ఉన్న లక్షణం. ఆ వృత్తికి మన దగ్గర గౌరవమూ లేదు, రక్షణా లేదు. అసలు లోటు అక్కడుంది.

16 టెస్టుల్లో సొంతగడ్డ మీద మూడు

విహారి 1993 అక్టోబర్ 13న కాకినాడలో పుట్టాడు. తండ్రి సింగరేణి ఉద్యోగి కావడంతో బాల్యం గోదావరికి ఎగువన, బొగ్గుగనుల ప్రాంతంలో గడిచింది. పన్నెండేళ్ళ వయసులో తండ్రి చనిపోయారు. తల్లి పెంచారు. ఆట నేర్చింది హైదరాబాద్‌లో. 2012లో అండర్-19 ప్రపంచకప్ గెలిచిన భారత జట్టులో ఉన్నాడు. 2013లో సన్‌రైజర్స్ తరఫున ఆడుతూ క్రిస్ గేల్ వికెట్ తీసి అందరి కళ్ళలో పడ్డాడు. హైదరాబాద్‌కు రంజీ ఆడుతూ 2016లో ఆంధ్రకు మారాడు. ఆ మార్పే అతన్ని టెస్టు ఆటగాణ్ణి చేసింది. 2017-18 సీజన్‌లో విజయనగరంలో ఒడిశా మీద 302 నాటౌట్. 2018లో ఇంగ్లండ్‌లో టెస్టు టోపీ అందుకునే నాటికి ఫస్ట్‌క్లాస్ సగటు 60కి దగ్గరగా ఉంది. ఓవల్‌లో ఆడిన ఆ తొలి టెస్టులో 56 పరుగులు చేశాడు. తర్వాత బంతి పట్టి రూట్‌ను, వీడ్కోలు మ్యాచ్ ఆడుతున్న కుక్‌ను వరస బంతుల్లో అవుట్ చేశాడు.

అక్కణ్ణుంచి అతని టెస్టు జీవితాన్ని వరసగా పరిచి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. ఆడిన టెస్టులు 16. అందులో 13 విదేశాల్లో. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, వెస్టిండీస్, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. బంతి లేచే చోట, ఊగే చోట, ఒక బ్యాట్స్‌మన్ ఎక్కువ కావాలనిపించినప్పుడు విహారి కావాలి. స్వదేశానికి రాగానే అయిదుగురు బౌలర్లతో ఆడాలి కాబట్టి ఆ ఒక్కడు బయటికి. 2019లో వెస్టిండీస్ పర్యటనలో 93, 111, 53 నాటౌట్ ఇన్నింగ్సులతో 289 పరుగులు చేసి సిరీస్‌లోనే అందరికన్నా ముందు నిలిచాడు. తిరిగొచ్చాక విశాఖలో దక్షిణాఫ్రికా మీద ఒక్క టెస్టు. స్వదేశంలో తర్వాతి టెస్టు 2022 మార్చి దాకా లేదు. 2021 చివర్లో న్యూజిలాండ్ మన దేశానికి వచ్చినప్పుడు అతన్ని భారత్-ఎ జట్టుతో దక్షిణాఫ్రికా పంపారు. ఇక్కడ కాన్పూర్‌లో శ్రేయస్ అయ్యర్ తొలి టెస్టులోనే సెంచరీ కొట్టాడు. ఖాళీగా ఉన్న కుర్చీ నిండిపోయింది.

అంతకుముందు 2018 డిసెంబర్‌లో మెల్‌బోర్న్ ముచ్చట ఇంకా చెప్పుకోదగ్గది. ఓపెనర్లు వరసగా విఫలమవుతుంటే, మిడిలార్డర్ ఆటగాడైన విహారిని ఓపెనింగ్‌కు పంపారు. 66 బంతులాడి 8 పరుగులు చేశాడు. అంకెల్లో అది వైఫల్యమే. కానీ కొత్త బంతి మెరుపు పోయేదాకా అవతలి బ్యాటర్లను కాపాడింది కూడా ఆ 66 బంతులే. పుజారా సెంచరీ చేశాడు, భారత్ ఆ మ్యాచ్ గెలిచింది. స్కోరుకార్డులో విహారి పేరు పక్కన మాత్రం 8 అనే ఉంటుంది, ఎప్పటికీ.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. టెస్టు సగటు 33.56, సెంచరీ ఒక్కటి. అంతకన్నా బాగా ఆడినవాళ్ళు వచ్చారు, ఇతను వెళ్ళాడు, అందులో అన్యాయం ఏముంది? 2022 జులైలో ఎడ్జ్‌బాస్టన్‌లో 20, 11 పరుగులకే అవుటయ్యాడు. పైగా ఇంగ్లండ్ 378 పరుగులు ఛేదిస్తున్నప్పుడు 14 మీదున్న బెయిర్‌స్టో క్యాచ్ వదిలేశాడు. అతను సెంచరీ కొట్టి మ్యాచ్ లాక్కుపోయాడు. విహారికి అదే ఆఖరి టెస్టు. సెలక్టర్లు తప్పు చేశారని వాదించడం ఈ కథనం ఉద్దేశం కాదు. పుజారా, రహానే, కోహ్లీ ఉన్న కాలంలో ఆరో స్థానం కోసం పోటీపడినవాడికి అంతకుమించి దక్కకపోవచ్చు. అడగాల్సింది దాని తర్వాతి ప్రశ్న. ఇరవై ఎనిమిదేళ్ళకు జాతీయ జట్టు తలుపు మూసుకుపోయినవాడు మిగిలిన పదేళ్ళ ఆటను ఎక్కడ, ఎవరి నీడన, ఏ భరోసాతో ఆడాలి?

అమెరికాలో అయితే…

ఈ ప్రశ్న బాగా తెలిసిన ఆట అమెరికన్ ఫుట్‌బాల్. అక్కడ లైన్‌బ్యాకర్ అని ఒక స్థానం ఉంది. ముందు వరస బలగానికి వెనక నిలబడి, బంతి పట్టుకుని దూసుకొచ్చేవాణ్ణి ఢీకొట్టి పడెయ్యడం అతని పని. స్కోరు చేసేది వేరొకడు, పేరు వచ్చేదీ వాడికే. ఆ ఆటకు అక్కడి ప్రధాన లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో 32 జట్లు. వేసవి శిక్షణకు ఒక్కో జట్టు 90 మంది దాకా పిలుస్తుంది. సీజన్ మొదలయ్యే ముందు 53 మందిని ఉంచుకుని మిగిలినవాళ్ళకు వీడ్కోలు చెబుతుంది. ఆ 53లో అట్టడుగున ఉండే లైన్‌బ్యాకర్ జీవితం వారం వారం లెక్క. ఒకరికి గాయమైతే పిలుస్తారు, గాయం మానితే పంపిస్తారు. మంగళవారం ఒక నగరంలో ఉద్యోగం పోతుంది, గురువారం వేరే రాష్ట్రంలో కొత్త వ్యూహాల పుస్తకం చేతికొస్తుంది. భార్యాపిల్లలు ఏ ఊళ్ళో ఉండాలో తేలదు. ఇలా తిరిగేవాళ్ళు ఆ లీగ్‌లో అరుదేమీ కాదు. జాష్ జాన్సన్ అనే ఆటగాడు ఏకంగా 14 జట్లతో ఒప్పందాలు చేసుకున్నాడు.

నిర్దాక్షిణ్యంలో ఎన్ఎఫ్ఎల్‌కు సాటి వచ్చే లీగులు తక్కువ. ఒప్పందంలో రాసిన డబ్బులో చాలాభాగానికి హామీ ఉండదు. ఆట శరీరాన్ని, మెదడును కూడా దెబ్బతీస్తుంది. అయినా అక్కడ ఒకటుంది: ఆటగాళ్ళ సంఘం. 1956లో పుట్టింది. జట్ల యజమానులతో కూర్చుని బేరమాడుతుంది, ఒప్పందం రాయించుకుంటుంది. కనీస జీతం ఎంత, పంపించేస్తే ఏమివ్వాలి, గాయపడితే ఎవరు చూడాలి, పెన్షన్ ఎన్నేళ్ళకు మొదలవుతుంది అన్నవన్నీ అందులో ఉంటాయి. జట్టు ఎవరిదైనా ఆ హక్కులు ఆటగాడి వెంట వస్తాయి. తిరుగుడు ఉంది, కానీ తిరిగేవాణ్ణి ద్రోహి అనే మాట లేదు.

── లైన్‌బ్యాకర్ లెక్కలు ──
జట్టు బలం: 53 మంది. వీళ్ళు కాక సాధన కోసం ఉంచుకునే బృందం 16 మంది.
కనీస జీతం: లీగ్‌లో కొత్తగా అడుగుపెట్టినవాడికి 2025 సీజన్‌కు 8,40,000 డాలర్లు. ఏడాదంతా జట్టులో నిలబడితేనే మొత్తం దక్కుతుంది.
పెన్షన్ అర్హత: గుర్తింపు పొందిన 3 సీజన్లు.
ఒప్పందం: ఆటగాళ్ళ సంఘం, యజమానుల మధ్య 2020లో కుదిరింది. 2030 సీజన్ దాకా అమల్లో ఉంటుంది.

సి.కె. నాయుడు ఎన్ని జట్లకు ఆడారు?

సొంత రాష్ట్రం మీద అభిమానం అన్న మాటకు మన క్రికెట్ చరిత్రలో ఎంత బలముందో చూద్దాం. భారత తొలి టెస్టు కెప్టెన్ కొట్టారి కనకయ్య నాయుడు. మచిలీపట్నం మూలాలున్న తెలుగు కుటుంబం, పుట్టింది నాగపూర్‌లో. ముంబైలో హిందూ జట్టుకు ఆడారు. హోల్కర్ మహారాజు పిలిచి సైన్యంలో ఉద్యోగమిస్తే ఇండోర్ వెళ్ళారు. హోల్కర్ జట్టుకు నాలుగు రంజీ ట్రోఫీలు గెలిపించారు. 1953లో ఆంధ్ర తొలిసారి రంజీలో అడుగుపెట్టినప్పుడు, ఏభై ఎనిమిదేళ్ళ వయసులో వచ్చి కెప్టెన్సీ చేశారు. అక్కడితో ఆగలేదు. 1956-57లో అరవై దాటాక ఉత్తరప్రదేశ్‌కు కెప్టెన్‌గా రంజీ ఆడారు. ఆయన్ని మనం ఎవరూ నిలకడలేనివాడు అనలేదు. ఆయన పేరు పెట్టుకున్నాం, విగ్రహాలు పెట్టుకున్నాం. పోషకుడు దొరికిన చోట, అవసరమైన చోట ఆడటం ఆ రోజుల్లో ఆటగాడి ధర్మంగానే చూశారు.

ఆంధ్ర జట్టు కూడా ఇతర రాష్ట్రాల ఆటగాళ్ళ చేయూతతో నడిచిన రోజులున్నాయి. 2014లో ఉత్తరప్రదేశ్ వదిలి మహమ్మద్ కైఫ్ ఆంధ్రకు కెప్టెన్‌గా వచ్చాడు, తర్వాత ఛత్తీస్‌గఢ్‌కు వెళ్ళాడు. అతనికన్నా ముందు అమోల్ మజుందార్. స్కూల్లో సచిన్, కాంబ్లీ 664 పరుగులు జోడిస్తుంటే ప్యాడ్లు కట్టుకుని తన వంతు కోసం ఎదురుచూసిన కుర్రాడు. రంజీ తొలి మ్యాచ్‌లోనే 260 పరుగులు. 30 సెంచరీలు, 11 వేలకు పైగా పరుగులు. భారత్ తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ముంబై నుంచి అస్సాంకు, అస్సాం నుంచి ఆంధ్రకు వచ్చి, ఇక్కడే ఆట ముగించాడు. ఆ మజుందారే 2025 నవంబర్ 2న నవీ ముంబైలో మన మహిళలు తొలిసారి ప్రపంచకప్ గెలిచినప్పుడు కోచ్. ఆ జట్టులో కడప అమ్మాయి శ్రీచరణి ఉంది. జట్టు జట్టుకూ తిరిగినవాడు ఏం నేర్చుకుంటాడని అడిగేవాళ్ళు మజుందార్ వైపు ఒకసారి చూడాలి. రకరకాల డ్రెస్సింగ్ రూముల్లో బయటివాడిగా కూర్చున్నవాడికి, మూలన కూర్చున్న ఆటగాడి మనసు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

బయటి ఆటగాడి విలువ ఏమిటో చిన్న జట్లకు బాగా తెలుసు. 2010-11లో రాజస్థాన్ తొలిసారి రంజీ గెలిచినప్పుడు కెప్టెన్ మహారాష్ట్ర నుంచి వచ్చిన హృషికేశ్ కనిత్కర్, ఓపెనర్ ఢిల్లీ నుంచి వచ్చిన ఆకాశ్ చోప్రా. 2017-18, 2018-19లో వరసగా కప్పు కొట్టిన విదర్భలో ముంబై మాజీ ఓపెనర్ వసీం జాఫర్ ఉన్నాడు. రంజీ నిబంధనలు ఒక్కో జట్టుకు ముగ్గురు బయటి ఆటగాళ్ళను అనుమతిస్తాయి. నిబంధనే తలుపు తెరిచి ఉంచినప్పుడు, ఆ తలుపులోంచి నడిచినవాణ్ణి నిందించడం ఏం న్యాయం?

ఆంధ్రతో తెగిన ముడి

విహారి విషయంలో అసలు గొడవ 2024లో మొదలైంది. దానికి ఏడాది ముందు ఏం జరిగిందో చెప్పకపోతే కథ సగమే. 2023 రంజీ క్వార్టర్ ఫైనల్, ఇండోర్, మధ్యప్రదేశ్ మీద. ఆవేశ్ ఖాన్ వేసిన బంతి తగిలి విహారి ఎడమ మణికట్టు ఎముక విరిగింది. కుడిచేతి బ్యాటర్‌కు ముందుండేది ఎడమ చేయి. మళ్ళీ బంతి తగిలితే ఇంకేమైనా కావచ్చు. అందుకని ఎడమచేతి వాటం బ్యాటర్‌లా తిరిగి నిలబడి, దాదాపు ఒంటిచేత్తో ఆడి తన స్కోరును 27కు చేర్చాడు. రెండో ఇన్నింగ్స్‌లో మళ్ళీ అలాగే దిగి 15 కొట్టాడు. ఆంధ్ర ఓడింది. కానీ ఆ ఆటను చూసినవాళ్ళు మరిచిపోలేదు. జీతానికి ఆడేవాడికి జట్టు మీద మమకారం ఉండదనే మాటకు, ఆ రెండు ఇన్నింగ్సుల కన్నా గట్టి జవాబు దొరకదు.

2024 జనవరిలో విశాఖలో బెంగాల్‌తో మ్యాచ్ తర్వాత విహారి కెప్టెన్సీ వదిలాడు. అప్పట్లో వ్యక్తిగత కారణాలన్నారు. ఫిబ్రవరి 26న అదే ఇండోర్‌లో మధ్యప్రదేశ్ చేతిలో 4 పరుగుల తేడాతో క్వార్టర్ ఫైనల్ ఓడాక ఇన్‌స్టాగ్రామ్‌లో విషయం బయటపెట్టాడు. జట్టులో పదిహేడో ఆటగాణ్ణి తాను మందలించానని, ఆ ఆటగాడి తండ్రి రాజకీయ నాయకుడని, ఆయన ఒత్తిడితో ఆంధ్ర క్రికెట్ అసోసియేషన్ తనను కెప్టెన్సీ వదలమందని ఆరోపించాడు. ఇక ఆంధ్రకు ఆడనన్నాడు. సహచరులు అతనికి మద్దతుగా సంతకాలు చేశారు. అసోసియేషన్ మాత్రం ఆరోపణను ఖండించింది, అతని మాటతీరు మీద ఫిర్యాదులున్నాయంది. ఆ కుర్రాడు కూడా తన వాదన చెప్పుకున్నాడు. డ్రెస్సింగ్ రూములో ఏ మాట ఎవరన్నారో తేల్చడం బయటివాళ్ళ పని కాదు. కెప్టెన్ నోరు జారి ఉండొచ్చు, అది తప్పే కావచ్చు. అయినా ఆ వివాదం ఒక లోటును బట్టబయలు చేసింది. ఫిర్యాదు వస్తే విచారించడానికి, ఇద్దరి మాటా వినడానికి, తీర్పు కాగితం మీద రాయడానికి ఒక స్వతంత్ర వేదిక ఉందా? ఉంటే 16 టెస్టులు ఆడిన మనిషి ఇన్‌స్టాగ్రామ్‌ను ఆశ్రయించేవాడా?

ఆ ఏడాది రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. మంత్రి నారా లోకేశ్‌ను కలిశాక విహారి మళ్ళీ ఆంధ్రకు ఆడటానికి ఒప్పుకున్నాడు. ఆడాడు కూడా. ఒక ఆటగాడు రాష్ట్ర జట్టులో ఉండటమూ, పోవటమూ ఎన్నికల ఫలితంతో ముడిపడిందంటే, సంతోషించాల్సిన విషయం కాదది. ఏ పార్టీ వచ్చినా, ఎవరు పోయినా మారని నియమాలు ఉన్నచోటే ఆటగాడు నిశ్చింతగా ఆడగలడు. ఏడాది తిరిగేసరికి మూడు ఫార్మాట్లలోనూ ఆడే అవకాశం కోసమంటూ అతను త్రిపురకు వెళ్ళాడు. ఈసారి తగవు లేదు, నిరభ్యంతర పత్రం చేతికొచ్చింది. ముప్పై దాటినవాడికి ముందు నాలుగైదు సీజన్లే ఉంటాయి. అందులో సగం బెంచీ మీద గడపమని అడిగే హక్కు ఎవరికుంది?

── రంజీ రోజుకూలి ──
2021-22 నుంచి భారత క్రికెట్ బోర్డు చెల్లిస్తున్న మ్యాచ్ ఫీజు:
40కి పైగా మ్యాచ్‌ల అనుభవం: రోజుకు రూ.60,000
21 నుంచి 40 మ్యాచ్‌లు: రోజుకు రూ.50,000
20 లోపు: రోజుకు రూ.40,000
తుది పదకొండులో లేని రిజర్వ్ ఆటగాళ్ళకు ఇందులో సగం.

డబ్బు బాగానే వస్తోంది కదా?

ఈ బాక్సులోని అంకెలు చూసి చాలామంది అనే మాట ఇది. లెక్క వేద్దాం. రంజీ లీగ్ దశలో పై శ్రేణిలోని ఒక్కో జట్టుకు 7 మ్యాచ్‌లు, నాలుగేసి రోజులు, మొత్తం 28 రోజులు. ఒక్క మ్యాచ్ కూడా వదలకుండా ఆడిన సీనియర్‌కు 16 లక్షల 80 వేలు. కొత్తవాడికి 11 లక్షల 20 వేలు. వన్డే, టీ20 టోర్నీలు ఆడితే ఇంకొంత. మన పల్లెల్లో ఇది పెద్ద మొత్తమే, కాదనలేం. కానీ ఇది జీతం కాదు, రోజుకూలి. వేలు విరిగితే కూలి లేదు. ఫామ్ పోతే సగం. జట్టులోంచి తీసేస్తే సున్నా. బోర్డు ఏటా ఇచ్చే ఒప్పందాలు జాతీయ జట్టు చుట్టూ ఉన్నవాళ్ళకే. ముప్పై ఎనిమిది రంజీ జట్లలో ఆడే వందలాది మందికి ఏడాది మొదట్లో చేతిలో ఏ కాగితమూ ఉండదు. ముప్పై అయిదో ఏట ఆట ఆగిపోతే, డిగ్రీ సగంలో వదిలేసినవాడికి ఇంకో పాతికేళ్ళ పని వయసు మిగిలి ఉంటుంది.

సంఘం సంగతీ అంతే. 2019లో భారత క్రికెటర్ల సంఘం ఏర్పడింది. అందులో సభ్యులు రిటైరైనవాళ్ళే. ఆడుతున్నవాడికి గొంతు లేదు. అమెరికాలో అట్టడుగు లైన్‌బ్యాకర్ తరఫున కూడా బేరమాడే మనిషి ఒకడుంటాడు. ఇక్కడ విహారి అంతటివాడు కూడా ఒంటరిగానే మాట్లాడాల్సి వచ్చింది. గుంటూరు నుంచి వచ్చిన అంబటి రాయుడు పరిస్థితీ అప్పట్లో ఇదే. హైదరాబాద్, ఆంధ్ర, మళ్ళీ హైదరాబాద్, అక్కణ్ణుంచి బోర్డు గుర్తించని ఐసీఎల్, నిషేధం, క్షమాభిక్ష, బరోడా, విదర్భ. ఐపీఎల్‌లో ముంబై, చెన్నై జట్లతో కలిపి ఆరుసార్లు కప్పు అందుకున్నవాడు. అతను జట్లు మారిన ప్రతిసారీ వెనక ఒక గొడవ ఉందని అతని కోపిష్టితనం గురించే మాట్లాడుకున్నాం. అంత ప్రతిభ ఉన్నవాణ్ణి ఒకచోట నిలపలేకపోయిన వ్యవస్థల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

అమలాపురం నుంచి చూస్తే

ఇదంతా కోనసీమకు ఎందుకు? 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయేదాకా కాకినాడ, అమలాపురం ఒకే తూర్పుగోదావరి. ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా పోతే కాకినాడ రెండు గంటల లోపు దారి. కానీ అంతకన్నా ముఖ్యమైన కారణం వేరే ఉంది. ఈ సీమకు ఇప్పుడు ఒక ప్రపంచస్థాయి బ్యాడ్మింటన్ ఆటగాడున్నాడు. 2000 ఆగస్టు 13న అమలాపురంలో పుట్టిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్. వ్యాయామ ఉపాధ్యాయుడి కొడుకు. పద్నాలుగేళ్ళకే ఇల్లు వదిలి హైదరాబాద్‌లోని గోపీచంద్ అకాడమీకి వెళ్ళాడు. డబుల్స్‌లో చిరాగ్ శెట్టితో కలిసి కామన్వెల్త్ స్వర్ణం, ఆసియా క్రీడల స్వర్ణం, ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు, ఖేల్‌రత్న. గంటకు 565 కిలోమీటర్ల వేగంతో కొట్టిన స్మాష్‌తో గిన్నిస్ రికార్డు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో రాకెట్ పట్టుకున్న ప్రతి పిల్లాడి ఇంట్లో ఇప్పుడు సాత్విక్ పేరు వినిపిస్తుంది. వినిపించాలి కూడా.

అయితే 2022 మే నెలలో బ్యాంకాక్‌లో మన పురుషులు తొలిసారి థామస్ కప్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఇంకో డబుల్స్ జోడీ ఉంది. గరగ కృష్ణప్రసాద్, పంజాల విష్ణువర్ధన్ గౌడ్. ఇద్దరూ తెలుగు కుర్రాళ్ళే. క్వార్టర్ ఫైనల్లో మలేసియా మీద, సెమీస్‌లో డెన్మార్క్ మీద రెండో డబుల్స్ ఆడింది వాళ్ళు. రెండూ ఓడారు. తర్వాత సింగిల్స్‌లో ప్రణయ్ దిగి రెండుసార్లూ గెలిపించాడు. ఫైనల్లో ఇండొనేసియాను 3-0తో ఓడించాం, వీళ్ళ వంతు రానేలేదు. మెడలో అదే బంగారు పతకం. కానీ ఆ పేర్లు ఇప్పుడు ఎంతమందికి గుర్తున్నాయి? రెండో జోడీ లేకుండా థామస్ కప్‌లో జట్టే దించలేం. దేశంలో అగ్రశ్రేణి జోడీ సాధన చేయాలన్నా అవతలి కోర్టులో సమానంగా కొట్టేవాళ్ళు కావాలి. కొబ్బరితోటలో నీళ్ళు కట్టేవాడు కనబడడు, గెల మాత్రమే కనబడుతుంది.

అకాడమీల్లో చేరే వెయ్యిమంది పిల్లల్లో సాత్విక్ కాగలిగేవాడు ఒక్కడు, అదీ దొరికితే. ఆట నిజంగా ఒంటబట్టిన కొద్దిమందికి ఎక్కువగా దొరికేది విహారి బతుకో, కృష్ణప్రసాద్ బతుకో. జట్టు మారాలి, జోడీ మార్చాలి, పిలిచినచోటికి పోవాలి. రైలు పట్టాల కోసం ఇంకా ఎదురుచూస్తున్న అమలాపురం నుంచి ఏ టోర్నీకి పోవాలన్నా ముందు బస్సెక్కి కాకినాడో రాజమండ్రో చేరాలి. నిజానికి ఇలాంటి జీవితం ఈ సీమకు కొత్త కాదు. కువైట్, దుబాయ్, మస్కట్, ఖతర్‌లకు ఒప్పందం మీద వెళ్ళి, అది ముగిస్తే ఇంకో దేశం చూసుకునేవాళ్ళు లేని ఊరు రాజోలు, మలికిపురం వైపు అరుదు. కువైట్ వెళ్ళిన ఆడబిడ్డను ఊరు వదిలేసిందని ఎవరూ అనరు. ఆమె పంపిన డబ్బుతో కట్టిన ఇల్లు చూసి గర్వపడతారు. ఆమెకు ఆ దేశంలో రక్షణ లేకపోతే బాధపడతారు, రాయబార కార్యాలయం ఏం చేస్తోందని నిలదీస్తారు. ఆటగాడి విషయంలో మాత్రం ప్రశ్న తలకిందులవుతోంది. పంపినవాణ్ణి, పనిచేయించుకున్నవాణ్ణి వదిలి, వెళ్ళినవాణ్ణి అడుగుతున్నాం.

ఇంకో అభ్యంతరం మిగిలింది. ఆటగాళ్ళు ఇలా స్వేచ్ఛగా మారిపోతే రాష్ట్ర జట్లు బలహీనపడవా, పెద్ద జట్లు చిన్నవాటిని మింగేయవా? ఆ భయంలో నిజముంది. అందుకే ముగ్గురు బయటివాళ్ళన్న పరిమితి ఉంది, అది ఉండాలి కూడా. కానీ ఇప్పటిదాకా జరిగింది చూస్తే వలస ఎక్కువగా పారుతున్నది పెద్దవాటి నుంచి చిన్నవాటికే. ముంబై నుంచి విదర్భకు, ఉత్తరప్రదేశ్ నుంచి ఆంధ్రకు, ఆంధ్ర నుంచి త్రిపురకు. అగర్తల కుర్రాళ్ళకు సిడ్నీలో నిలబడినవాడితో కలిసి నెట్స్‌లో ఆడే అవకాశం దొరికింది. భారత క్రికెట్‌కు ఇది నష్టమెలా అవుతుంది?

2021 వేసవిలో కరోనా రెండో అల దేశాన్ని ముంచెత్తినప్పుడు విహారి వార్విక్‌షైర్‌కు ఆడుతూ ఇంగ్లండ్‌లో ఉన్నాడు. కౌంటీలో పరుగులు రాలేదు, మూడు మ్యాచ్‌లతో సరి. కానీ ఖాళీ వేళల్లో ట్విటర్‌లో తనను అనుసరించేవాళ్ళను, స్నేహితులను ఒక బృందంగా కూడగట్టాడు. ఆక్సిజన్ సిలిండర్లు, ఆసుపత్రి మంచాలు, ప్లాస్మా కోసం తెలుగు రాష్ట్రాల్లో, కర్ణాటకలో తల్లడిల్లుతున్న కుటుంబాలకు ఆ బృందంతో అందించే ఏర్పాట్లు చేశాడు. అప్పుడు అతను ఏ జట్టువాడని ఎవరూ అడగలేదు.

రాష్ట్ర సంఘాలు చేయగలిగినవి పెద్దవేమీ కావు. సీజన్ మొదలవకముందే ప్రతి రంజీ ఆటగాడి చేతిలో ఏడాది ఒప్పందం పెట్టొచ్చు. గాయమైన నెలలకు కూడా జీతం అందేలా రాయొచ్చు. కెప్టెన్ మీద కానీ, కెప్టెన్ నుంచి కానీ ఫిర్యాదు వస్తే సంఘానికి సంబంధం లేని ముగ్గురు విని రాతపూర్వకంగా తీర్పు చెప్పాలి. పదిహేడో ఆటగాడికీ ఆ తలుపు తెరిచే ఉండాలి, ఎందుకంటే బలం లేని ఇంటి నుంచి వచ్చిన పదిహేడోవాడు కూడా ఉంటాడు. ఆడుతున్నవాళ్ళను కూడా ఆటగాళ్ళ సంఘంలో చేర్చుకోవాలి. ఇక కోనసీమలో బిడ్డను అకాడమీకి పంపే తల్లిదండ్రులు కోచ్‌ను మొదటిరోజే అడగాల్సింది ఎన్నాళ్ళకు సాత్విక్ అవుతాడని కాదు. గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిది, ఇంటర్ పరీక్షలకు సెలవిస్తారా, ఇరవై రెండేళ్ళకు రాష్ట్ర జట్టులో చోటు రాకపోతే వేరే రాష్ట్రానికి వెళ్ళడానికి కాగితం ఎవరు, ఎన్ని రోజుల్లో ఇస్తారు అని.